ట్రైలర్ తగిలిస్తే ట్రక్కు ముందు చక్రాల మీద పడే బరువు తగ్గుతుంది! తూకం వేయించి చూశాం

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? టెక్సాస్‌లో ఫోర్ట్ వర్త్ దాటి 287 హైవే మీద ఒక ట్రక్ స్టాప్‌లో ఆగాం. పాలో డ్యూరో కాన్యన్ అనే లోయకి వెళ్తున్నాం, మా పికప్ ట్రక్కు వెనక క్యాంపర్ ట్రైలర్, అంటే లోపల పడుకునే వీలున్న బండి, ఉంది. అత్తయ్యగారికి కాఫీ కావాలట. కానీ తూకం అయ్యేదాకా అందరూ బండిలోనే కూర్చోవాలి, మన బరువులు కూడా లెక్కలోకి వస్తాయి మరి!

"తూకం ఎందుకురా, 11,000 పౌండ్లు లాగుతుందన్నావుగా?" అని మావయ్యగారు మా ఆయన్ని అడుగుతున్నారు. ట్రక్కు కొనేటప్పుడు అందరికీ చెప్పేది ఆ ఒక్క అంకే. మా ట్రైలర్ 6,000 పౌండ్లు, కాబట్టి బోలెడు తేడా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ లాగడం వేరు, మోయడం వేరు అండీ. ట్రైలర్ ముక్కు ట్రక్కు హిచ్ మీద, అంటే ట్రైలర్ తగిలించే వెనక కొక్కెం మీద, కూర్చుంటుంది కదా, ఆ బరువును టంగ్ వెయిట్ అంటారు. ఇలాంటి ట్రైలర్లకి అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. మరీ తక్కువైతే వేగంలో ట్రైలర్ తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగుతుంది. అది చాలా ప్రమాదం.

ఇదిగోండి, క్యాట్ స్కేల్ అనే బండ్ల తూకం యంత్రం. పెద్ద లారీల కోసం పెట్టింది, మనమూ వాడుకోవచ్చు. వరసగా పలకలుంటాయి: ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు రెండోదాని మీద, ట్రైలర్ చక్రాలు మూడోదాని మీద. పక్కనున్న బటన్ లారీ కిటికీ ఎత్తులో ఉంది, మన పికప్‌లోంచి చేయి చాపినా అందదు. యాప్‌లో నొక్కేస్తే సరిపోతుంది, చీటీ ఫోన్‌కే వస్తుంది. ఖర్చు 20 డాలర్లు దాటదు. 24 గంటల్లోపు ఇక్కడే మళ్లీ తూస్తే ఇంకా తక్కువ. వెనక లారీలు క్యూలో ఉంటే మాత్రం నాకు టెన్షన్, అందుకే రద్దీ లేని టైమ్‌లో వచ్చాం.

ముందుగా ట్రైలర్ పక్కన పార్క్ చేసి, ట్రక్కు ఒక్కటే తూశాం. ముందు యాక్సిల్ (ఇరుసు) మీద 3,260 పౌండ్లు, వెనక యాక్సిల్ మీద 2,880. తర్వాత ట్రైలర్ తగిలించి తూస్తే ముందు 2,980, వెనక 3,860, ట్రైలర్ చక్రాల మీద 5,300. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. హిచ్ మీద పడింది 700 పౌండ్లే. కానీ వెనక యాక్సిల్ మీద పెరిగింది 980! ఆ అదనపు 280 ఎక్కణ్నుంచి వచ్చింది? ముందు చక్రాల మీద నుంచి.

మావయ్యగారు వెంటనే పట్టేశారు. "ఎడ్లబండిలో బస్తాలు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుందమ్మా, అదే ఇది" అన్నారు. అచ్చం అదే. హిచ్ వెనక యాక్సిల్‌కి 58 అంగుళాలు వెనక ఉంది, ముందు చక్రాలేమో వెనక యాక్సిల్‌కి 145 అంగుళాలు ముందున్నాయి. 58ని 145తో భాగిస్తే 40 శాతం. 700లో 40 శాతం 280. ఆ లెక్కన ముందు భాగం పైకి లేస్తోందన్నమాట.

డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ చూడండి. ట్రక్కు మొత్తం 7,050 దాటకూడదు, మాది 6,840. హమ్మయ్య అనిపిస్తుందా? దాని పక్కనే వెనక యాక్సిల్ పరిమితి 3,800 అని ఉంది. మాది 3,860! మొత్తం బరువు హద్దులోనే ఉంది, యాక్సిల్ మాత్రం దాటింది. చీటీ లేకపోతే ఈ సంగతి తెలిసే దారే లేదు.

దీనికి విరుగుడు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. ఇదిగో ఈ రెండు స్ప్రింగ్ బార్లు. వీటిని బిగిస్తే వెనక యాక్సిల్ మీది బరువు కొంత ముందుకీ, కొంత ట్రైలర్ చక్రాల మీదకీ వెళ్తుంది. బిగించే ముందు జాక్‌తో ట్రైలర్ ముక్కు పైకి లేపాలి. బార్లలో బోలెడు టెన్షన్ ఉంటుంది, ముఖం దగ్గరగా పెట్టి చూడొద్దు. మళ్లీ తూశాం: ముందు 3,140, వెనక 3,600, ట్రైలర్ 5,400. మూడూ కూడితే బార్లు లేనప్పటిలాగే 12,140. బరువు ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. ముందు చక్రాలకి ఎంత తిరిగి రావాలన్నది మీ ట్రక్కు మాన్యువల్‌లో ఉంటుంది, ఎక్కువ బిగిస్తే మంచిదని అనుకోకండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, స్టీరింగ్ తిప్పేది ముందు చక్రాలే, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని పడేదీ వాటికే. అమరిల్లో ఊరి వైపు పక్కగాలులు బాగా కొడతాయి, ఆపైన పాలో డ్యూరో లోపలికి దిగే రోడ్డు 10 శాతం వాలు. అక్కడ ముందు భాగం తేలికగా ఉంటే నాకైతే కాళ్లు వణుకుతాయి.

ఇంకొక్కటి. మా 40 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు ట్రైలర్ చక్రాలకి ముందు భాగంలో ఉంది. నిండితే 330 పౌండ్ల పైనే, దాంతో హిచ్ మీద బరువు పెరిగి ఇప్పుడు చూపించిన అంకెలన్నీ మారిపోతాయి. అందుకే ఖాళీగా పెట్టాం, క్యాంప్‌సైట్‌లో కుళాయి ఉంది, నీళ్లు అక్కడే పట్టుకుంటాం.