మామిడి జీడి బ్రాయిలర్ మేతకు పనికొస్తుందా?

(తెర మీద: పల్ప్ ఫ్యాక్టరీ వెనక టెంకల గుట్ట)

జూన్, జులై నెలల్లో చిత్తూరు వైపు పల్ప్ ఫ్యాక్టరీలు తోతాపురి కాయతో నిండిపోతాయి. గుజ్జు తీసేశాక తొక్కలు, టెంకలు మిగులుతాయి. వీటిని కోళ్లకు వేస్తే ఖర్చు కలిసొస్తుందా? బ్రాయిలర్ పెంపకం ఖర్చులో దాదాపు మూడింట రెండొంతులు మేతకే పోతుంది కాబట్టి అడగాల్సిన ప్రశ్నే.

తొక్క సంగతి ముందే తేల్చేద్దాం. అందులో నీరు, పీచు ఎక్కువ. ఆ పీచును ఆవు అరిగించుకుంటుంది, కోడి అరిగించుకోలేదు. తొక్కను పాడి రైతుకు వదిలేయండి.

(క్లోజప్: చీల్చిన టెంక, లోపల జీడి)

అసలు సరుకు ఈ జీడి. ఎండిన జీడిలో సగానికి పైగా పిండి పదార్థమే. కొవ్వు దాదాపు 10 శాతం, మొక్కజొన్నకు రెండింతల పైమాటే. మాంసకృత్తులు మాత్రం 6-7 శాతం. కాబట్టి మొక్కజొన్నలో కొంత భాగానికి బదులుగా వాడొచ్చు, సోయా చెక్కకు బదులుగా కాదు.

మరి చిక్కెక్కడ? చిన్న ముక్క కొరికి చూడండి, నాలుక పట్టేస్తుంది. ఆ వగరుకు కారణం టానిన్లు. ఇవి మేతలోని మాంసకృత్తులకు అతుక్కుంటాయి, కోడి తిన్నది ఒంటబట్టదు. పచ్చి జీడి పిండి ఎక్కువగా కలిపితే బరువు తగ్గుతుంది, ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి కోడి తినే మేత) చెడుతుంది. అందుకే ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట ఉడికించి, వాటినీ వంచేయాలి. వగరు పూర్తిగా పోదు గానీ బాగా తగ్గుతుంది.

(తెర మీద: టార్పాలిన్ మీద ఆరుతున్న ముక్కలు)

అసలు టెన్షన్ ఎండబెట్టడం దగ్గరే. టెంకలు వచ్చేదీ, మబ్బు పట్టేదీ ఒకే నెలలో. ముక్కను విరిస్తే టక్కున విరగాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే, మూట కట్టొద్దు. బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం రావచ్చు, కోడి కాలేయం దెబ్బతింటుంది. బూజు వాసన వచ్చిన మూటను మొహమాటం లేకుండా పారేయండి.

ఎంత కలపాలి? స్టార్టర్‌లో, అంటే పిల్లల తొలి మేతలో వద్దు. 100 కిలోల ఫినిషర్‌లో (అమ్మకానికి ముందు వేసే చివరి మేతలో) 5 కిలోల మొక్కజొన్న తీసి, అంతే జీడి పిండి వేయండి. తగ్గే మాంసకృత్తులు సుమారు 125 గ్రాములు, 300 గ్రాముల సోయా చెక్కతో సరిపోతుంది. మొదట షెడ్డులో ఒక మూల కొన్ని కోళ్లకే వేసి, వారం వారం తూకం చూడండి.

ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం మీద పెంచేవాళ్లకు మేత ఆ కంపెనీ నుంచే వస్తుంది, అందులో ఏదీ కలపకూడదు. ఇది సొంతంగా మేత ఆడించుకునేవాళ్ల కోసం. వాళ్లు కూడా టెంక కొట్టే కూలి, కట్టెల ఖర్చు లెక్కేసుకోవాలి. కిలో పిండి ఖర్చు మొక్కజొన్న ధర దాకా వస్తే ఆ పని మానేయండి. నన్నడిగితే ఇది ఫ్యాక్టరీలోనే జరగాల్సిన పని. టెంకలు అక్కడే ఉన్నాయి, ఉడికించడానికి, ఆరబెట్టడానికి బాయిలర్ ఆవిరీ అక్కడే ఉంది.