జిరో మ్యూజిక్ ఫెస్టివల్ రివ్యూ: రాత్రి బ్యాండ్ల కోసమే అయితే వెళ్ళకండి

లైనప్ పోస్టర్ చూసి జిరో ఫెస్టివల్‌కి టికెట్ కొనేద్దాం అనుకుంటున్నారా? కాస్త ఆగి ఈ వీడియో చూడండి. రాత్రి పూట పెద్ద బ్యాండ్లు చూడ్డానికే అయితే అంత దూరం అక్కర్లేదు, అవి హైదరాబాద్‌కీ బెంగళూరుకీ వస్తూనే ఉంటాయి. జిరోలో అసలు విషయమంతా పగలే ఉంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అరుణాచల్ ప్రదేశ్, లోయర్ సుబన్‌సిరి జిల్లా. కొండల మధ్యలో, సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉన్న లోయ. అపతానీ తెగవాళ్ళ ఊళ్ళు, చుట్టూ వరి మళ్ళు. అరుణాచల్‌కి చెందిన బాబీ హానో, మెన్‌హూపాజ్ అనే ఢిల్లీ బ్యాండ్ గిటారిస్టు అనూప్ కుట్టి కలిసి 2012లో దీన్ని మొదలుపెట్టారు. ఏటా సెప్టెంబర్ చివర్లో, నాలుగు రోజులు. సోనిక్ యూత్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ నుంచి లీ రానాల్డో, స్టీవ్ షెల్లీ అంతటివాళ్ళు కూడా వచ్చి వాయించారు. మన అరుణాచల్ కుర్రాడు తాబా చాకే ఉకులేలే (చిన్న గిటార్ లాంటిది) పట్టుకుని పాడిందీ ఇక్కడే.

స్టేజీలు రెండు. పగటిది డాన్యీ, రాత్రిది పీలో. అంటే సూర్యుడు, చంద్రుడు. అపతానీలు సంప్రదాయంగా ఆ ఇద్దరినీ కొలుస్తారు. రెండూ వెదురుతో కట్టినవే. బెంచీలు, కంచె, స్టాళ్ళు, అన్నిటికీ వెదురే వాడారు. బయటి నుంచి ఈవెంట్ కంపెనీ వచ్చి ఇనప చట్రాలు బిగించలేదు. ఇక్కడి కుటుంబాలకి సొంత వెదురు తోటలు ఉంటాయి, వెదురు కట్టడం చేతికి అలవాటైన పని. ఆ కట్టుబడి చూడ్డానికే ఒక గంట పెట్టుకోండి.

నన్ను కట్టిపడేసింది మాత్రం పొలాలు. నేను కైకలూరు వైపు వాణ్ణి. మా దగ్గర చేపలు కావాలంటే వరి చేను తవ్వి చెరువు చేసేశారు. ఒకసారి చెరువయ్యాక మళ్ళీ వరి మాట లేదు. ఇక్కడ వరి మడిలోనే చేపలు పెంచుతున్నారు! మడి మధ్యలో చిన్న కాలవ తవ్వుతారు. చేప పిల్లల్ని వదిలితే నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు మడంతా తిరుగుతాయి, తగ్గినప్పుడు ఆ కాలవలోకి చేరతాయి. గట్ల మీద చోళ్ళు, అంటే రాగులు. తూములకి కూడా వెదురు గొట్టాలే. నాగలి లేదు, ఎడ్లు లేవు, పనంతా చేతుల మీదే. కొండ వాగుల నీళ్ళు పై మడి నుంచి కింది మడికి వంతు ప్రకారం దిగుతాయి. ఈ అపతానీ లోయ 2014 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ఉంది. ఫెస్టివల్ టైముకి చేను పసుపు తిరుగుతూ ఉంటుంది, కోతలకి దగ్గర పడుతుంది. గట్ల మీద నడిచేటప్పుడు మాత్రం జాగ్రత్తండోయ్. మీరు రీల్ కోసం తొక్కేది ఎవరో పెట్టిన చోడి మొక్క!

ఇప్పుడు పాటల సంగతి. పొద్దున ఆలస్యంగా డాన్యీ స్టేజీ దగ్గరికి వెళ్ళి గడ్డి వాలు మీద కూర్చోండి. జనం పలచగా ఉంటారు, చాలామంది రాత్రి నిద్ర తీర్చుకుంటూ టెంట్లలోనే ఉంటారు కాబట్టి. ఆ టైములో జానపద బృందాలు, ఒక్క గిటార్‌తో పాడే కొత్త కుర్రాళ్ళు వస్తారు. మాట ఒక్కటీ అర్థం కాదు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు వంత పాడతారు చూడండి, దానికి భాష అక్కర్లేదు, మన కోలాటం పాటలకి తల ఊపినట్టే ఊపుతాం. రాత్రి స్టేజీ బాగుంది, కాదనను. లైట్లు, బేస్, గెంతులు అన్నీ ఉన్నాయి. నాకు అక్కడ లోయ కనబడలేదు, అంతే.

ఇంకోటి, ఇక్కడ సాయంత్రం అయిదున్నరకే చీకటి. మన టైము అలవాటుతో నాలుగున్నరకి టీ తాగుతూ కూర్చుంటే పగలు అయిపోయినట్టే.

తిండి. వెదురు కొమ్ములు వేసి వండిన పంది మాంసం, పొగబెట్టిన మాంసం, అన్నం. మారేడుమిల్లి వైపు కొమ్ముల కూర తిన్నవాళ్ళకి ఆ పులుపు కొత్త కాదు. తాప్యో అని మొక్కల బూడిద నుంచి తీసే ఉప్పు ఉంది, దొరికితే తప్పకుండా రుచి చూడండి. బియ్యం పులియబెట్టి చేసే కల్లు లాంటిది కూడా ఉంటుంది. తియ్యగా ఉందని లాగించారనుకోండి, తర్వాత మీ ఇష్టం. శాకాహారులకి కాస్త కష్టమే. పచ్చడి సీసా సర్దుకోండి.

ఇక తిప్పలు. వాన వస్తుంది. వచ్చిందంటే బురదే, మామూలు బూట్లు పనికిరావు, గమ్ బూట్లు కావాలి. రాత్రి చలి మన వాళ్ళు అనుకునే దానికంటే ఎక్కువ. నేను ముందే డబ్బు కట్టిన ఒక క్యాంపులో టెంట్ లోపలికి నీళ్ళు వచ్చాయి. అడిగితే "సర్దుకోండి సార్" అన్నారు. మిగతా రాత్రులు ఒక ఊళ్ళో హోమ్‌స్టేకి మారాను. ఆ ఇంటి పొయ్యి చుట్టూ కూర్చుని విన్న కబుర్ల ముందు క్యాంపు ఎందుకూ పనికిరాదు.

ఆ ఊళ్ళల్లో ముఖం మీద పచ్చబొట్లు, ముక్కుకి రెండు వైపులా నల్లటి బిళ్ళలు ఉన్న అమ్మమ్మలు కనబడతారు. 1970ల్లోనే ఆ ఆచారం ఆగిపోయింది, ఇప్పుడున్నది పెద్ద వయసువాళ్ళే. కెమెరా ముఖం మీద పెట్టేయకండి. అడగండి, వద్దంటే వదిలేయండి. ఈ వీడియోలో వాళ్ళ క్లోజప్‌లు లేకపోవడానికి కారణం అదే.

వెళ్ళే దారి: హైదరాబాద్ నుంచి గువాహటికి ఫ్లైట్, అక్కడి నుంచి రాత్రి రైల్లో ఇటానగర్ పక్కనున్న నహర్లగున్, ఆపైన షేర్ సుమోలో ఘాట్ రోడ్డు. కడుపులో తిప్పేవాళ్ళు మాత్ర వేసుకోండి. అరుణాచల్‌లో అడుగుపెట్టాలంటే మనకి ఇన్నర్ లైన్ పర్మిట్ అనే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ప్రింట్ దగ్గర ఉంచుకోండి, సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.

నా ఓటు: పగటి స్టేజీకి పదికి తొమ్మిది, రాత్రికి ఆరు. ఒకట్రెండు రోజులు ముందే చేరుకుని, హోమ్‌స్టే తీసుకుని, పొలాలు తిరిగి అప్పుడు ఫెస్టివల్‌కి వెళ్ళగలిగితే బుక్ చేయండి. శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం వెళ్ళిపోయే ప్లాన్ అయితే ఆ డబ్బుతో ఇంకేదైనా చూసుకోండి. ఖర్చుల లెక్క అడుగుతున్నారు కదా, కామెంట్లో పెడతాను.