ఉదయపూర్ పెళ్లికి వెళుతున్నారా? చీర తర్వాత, ముందు చెప్పులు

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: పెళ్లిళ్ల నిర్వాహకురాలు, చీరల డిజైనర్, ఈమధ్య బంధువుల పెళ్లికి ఉదయపూర్ వెళ్లివచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడు.)

సంధానకర్త: నమస్కారం. 2024 డిసెంబర్ 22న పి.వి. సింధు పెళ్లి ఉదయపూర్‌లో జరిగితే ఆ ఫొటోలు అందరం చూశాం. ఇప్పుడు అదే ఊరి పేరుతో శుభలేఖలు మన ఇళ్లకూ వస్తున్నాయి. ఇలాంటి పెళ్లిళ్లకు పెళ్లివారు పడే పాట్లు తెలిసినవే. ఈరోజు అతిథి పాట్ల గురించి మాట్లాడుకుందాం. మాస్టారూ, శుభలేఖ అందగానే మీరు చేసిన మొదటి పని ఏమిటి?

మాస్టారు: సంతోషించాను. ఆ వెంటనే మా ఆవిడ "ఏ చీర?" అంది. ఆ ప్రశ్న తేలేసరికి ప్రయాణం రోజు వచ్చింది.

నిర్వాహకురాలు: నేనైతే చీర కంటే ముందు ఆధార్ కార్డు బయటికి తీయమంటాను. టికెట్లు పెళ్లివారే తీస్తుంటే వాళ్ల జాబితాలో ఎవరుంటారు? బుజ్జి అత్తయ్య, రాజమండ్రి బాబాయి! టికెట్ మీద మాత్రం గుర్తింపు కార్డులో ఉన్న పేరే ఉండాలి. మన ఇంటిపేరు ముందుంటుంది, టికెట్ ఫారంలో అది చివర అడుగుతారు. ఎవరూ అడగకముందే కార్డు ఫొటో పంపేయండి. హోటల్లోనూ అదే కార్డు చూపించాలి.

మాస్టారు: మా బృందంలో ఒకాయన విమానాశ్రయం గుమ్మం దగ్గరే ఆగిపోయారు. టికెట్ మీద ఉన్నది ముద్దుపేరు. యాభై ఏళ్లుగా అందరూ అలాగే పిలుస్తుంటే అసలు పేరు ఎవరికి గుర్తుంటుంది!

సంధానకర్త: మరి సామాను?

నిర్వాహకురాలు: మన దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్‌కు చాలావరకు 15 కిలోల పెట్టె, 7 కిలోల చేతిసంచి. జరీ ఎక్కువున్న కంచిపట్టు చీర ఒక్కటే కిలో దాకా తూగుతుంది. నగలు, మందులు, ముహూర్తానికి కట్టుకునే బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. పెట్టె ఒక రోజు ఆలస్యమైనా పెళ్లి ఆగదు కదా. పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోకే. పసుపు కుంకుమలతో పాటు ఎండుకొబ్బరి చిప్పలు పెట్టెలో సర్దేవారున్నారు. వాటిలో నూనె వల్ల నిప్పు ప్రమాదమని తీయించేస్తారు.

ఇంకో మాట. ఉదయపూర్ విమానాశ్రయం ఊరికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, డబోక్‌లో ఉంది. పెళ్లిళ్ల రోజుల్లో టికెట్ ధర మండిపోతుంటే అహ్మదాబాద్‌లో దిగి రావచ్చు. రోడ్డు మీద 260 కిలోమీటర్లు. 2022 అక్టోబర్‌లో బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) లైను మొదలయ్యాక అహ్మదాబాద్‌లోని అసార్వా స్టేషన్ నుంచి రైలు కూడా ఉంది. పాత ఊళ్లో బస అయితే పెద్ద బండి సందుల్లోకి రాదు. ఒక పెద్ద పెట్టె కంటే రెండు చిన్నవి నయం.

సంధానకర్త: ఇక బట్టలు. అమ్మా, మీ దగ్గరికి వచ్చేవారు ఏం అడుగుతారు?

డిజైనర్: రంగు. హల్దీకి పసుపు, సంగీత్‌కు నీలం అంటూ. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: నేల ఏమిటి, వేళ ఏమిటి? ఎవరి దగ్గరా జవాబు ఉండదు. పచ్చికలో సన్నటి మడమల చెప్పులు దిగబడిపోతాయి. కాస్త తడిసిన పాలరాయి మీద అవే చెప్పులు జారతాయి. పడవ ఎక్కాలంటే కుచ్చిళ్లు ఒక చేత్తో, పక్కవారి భుజం ఇంకో చేత్తో పట్టుకోవాలి. నా సలహా అయితే మడమ ఎత్తులేని మోజరీలు, అంటే రాజస్థానీ తోలు చెప్పులు. ఆ ఊళ్లోనే దొరుకుతాయి కానీ, కొత్తవి కరుస్తాయి. ఇక్కడే కొని నాలుగు రోజులు ఇంట్లో తొడుక్కుని తిరగండి.

మాస్టారు: పడవ సంగతి నన్ను చెప్పనివ్వండి. పిచోలా సరస్సు మధ్యలో జగ్ మందిర్ అనే ద్వీపం ఉంది. అక్కడికి పడవే దారి. ఎక్కబోతుంటే లైఫ్ జాకెట్ వేసుకోమన్నారు. మా వదినగారి కాసులపేరు మీద నారింజరంగు జాకెట్! దాని బకిల్ జరీకి పట్టుకుని, ఒడ్డు చేరాక విడదీయడానికి ముగ్గురు కావలసివచ్చింది. ఆల్బంలో ఆ ఫొటో లేదు.

డిజైనర్: అందుకే హారాలు సంచిలో పెట్టుకుని, దిగాక వేసుకోవాలి. ఇక చలి. డిసెంబర్, జనవరిలో అక్కడ పగలు 25 డిగ్రీలు, తెల్లవారుజామున 10 లోపు. మన ముహూర్తాలేమో చాలాసార్లు ఆ వేళకే పడతాయి. మండపం దగ్గర చెప్పులు విడిచి చల్లటి రాతి మీద గంటన్నర కూర్చోవాలి. చీర కింద ఉన్ని లెగ్గింగు ఎవరికీ కనపడదు. రవికె చేతులు మోచేతుల దాకా కుట్టించండి. కాళ్లకు ఒంటిరంగు సాక్సులు. మగవారికి లాల్చీ మీద మంచి శాలువా చాలు. కుచ్చిళ్లు ఇక్కడే పెట్టించి, ఇస్త్రీ చేయించి, పాత నూలు పంచెలో చుట్టి తీసుకెళ్లండి. అత్తరు జరీ మీద చల్లకండి, నల్లబడుతుంది.

మాస్టారు: అన్నీ బాగున్నాయి కానీ, నాలుగు వేడుకలకు నాలుగు రంగులు కొనమనడం నాకు నచ్చలేదు. పిలిచింది దీవించడానికా, ఫొటోలో వెనకున్న తెర రంగుకు సరిపోవడానికా?

డిజైనర్: కొనమని ఎవరన్నారు? ఉన్న చీరకు ఇంకో రంగు రవికె వేయండి, సరిపోతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: ఎర్రంచు తెల్లచీర వద్దు. అవి వధువు మధుపర్కాలు.

నిర్వాహకురాలు: మాస్టారి కోపంలో న్యాయముంది. తప్పు మావైపూ ఉంది. శుభలేఖలో రంగు రాస్తాం, పచ్చికా పడవా అన్నది రాయం. ఆ ఒక్క వాక్యం రాస్తే సగం ఫోన్లు తగ్గుతాయి. అతిథులూ మొహమాటపడకుండా అడగాలి: గది ఎన్నాళ్లు, ఇస్త్రీ ఖర్చు ఎవరిది అని. చదివింపులకు వెండి కుందులు, బిందెలు మోసుకురాకండి. వాటినీ 15 కిలోల్లోనే వెనక్కి తేవాలి పెళ్లివారు. కవరు ఇవ్వండి, లేదా వచ్చాక ఇంటికి వెళ్లి ఇవ్వండి.

సంధానకర్త: మాస్టారూ, ఇంకో శుభలేఖ వస్తే?

మాస్టారు: వచ్చేసింది. ఫిబ్రవరిలో గోవా. ఇసుకలో మండపమట.

డిజైనర్: అయితే కంచిపట్టు బీరువాలోనే ఉంచండి. మంగళగిరి నూలు కట్టుకోమనండి, ఇసుక దులిపితే పోతుంది.

నిర్వాహకురాలు: ముహూర్తం ఎన్ని గంటలకు?

మాస్టారు: మధ్యాహ్నం పన్నెండున్నరకు.

నిర్వాహకురాలు: అయితే గొడుగు కూడా పెట్టుకోండి. వట్టికాళ్లతో ఆ ఇసుక మీద నడవలేరు, మండపం వరకూ చెప్పులు విడవకండి.