కొండ నుంచి ఏటికి

శ్రోతలకు నమస్కారం.

మన గోదావరి డెల్టాలో ఎక్కడ పలుగు దించినా మట్టే. ఒండ్రు మట్టి, దాని కింద ఇసుక. రాయి తగలదు. రోలు, తిరగలి, గుడి మెట్టు, కాలువ లాకు గోడ... మన ఊళ్లలో రాయి కనిపించిందంటే అది ఎక్కడి నుంచో వచ్చిందే.

ఈ రోజు ధవళేశ్వరం కొండ గురించి, అక్కడి పాత రాళ్ల క్వారీ గురించి చెబుతాను. 1847లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టేనాటికి ఆయన ఎదుట ఉన్నది అడుగంతా ఇసుకే ఉన్న నది. కావేరి మీద చోళుల నాటి రాతి ఆనకట్ట కల్లణైని చూసి వచ్చిన మనిషి ఆయన. ఇసుక మీద రాళ్లు పోస్తూ పోతే, కుంగినంత కుంగి చివరికి నిలబడతాయని అక్కడే గ్రహించారు. అంటే రాయి కావాలి. కుంగిన చోట మళ్లీ రాయి కావాలి. వరద లాక్కుపోయిన చోట మళ్లీ రాయి కావాలి.

ఆ రాయిని ఏటి ఒడ్డుకు చేర్చడానికి పట్టాలు వేశారు. బొంబాయి నుంచి ఠాణాకు ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. మన ధవళేశ్వరంలో రాళ్ల బండ్లు పట్టాల మీద దొర్లింది అంతకంటే ముందే! ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు. కొండ నుంచి బండిలోకి, బండి నుంచి పడవలోకి, పడవ నుంచి ఏట్లోకి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం... నాలుగు పాయల మీద ఆనకట్ట 1852కల్లా నిలబడింది. కాటన్ విగ్రహాలు మనకు ఊరూరా ఉన్నాయి. సమ్మెట పట్టిన మనిషికి కూడా ఒక్కటి ఉండాలని నా కోరిక.

మా ఊరి లాకు దగ్గర రాతి మెట్లుండేవి. అంచున బెత్తెడుకొకటి చొప్పున వరుసగా ఉలి గాట్లు. ఒక మెట్టు మీద మా అమ్మ కత్తిపీటకు పదును పెట్టుకునేది. అమ్మే కాదు, ఆ వీధి ఆడవాళ్లందరూ. అరచేయి ఇమిడేంత గుంట పడింది. నిరుడు మరమ్మతు చేసినవాళ్లు ఆ మెట్లను పెకలించి సిమెంటు పోశారు. గుంట పడిన రాయి ఇప్పుడు గట్టు అవతల తుమ్మచెట్టు కింద బోర్లా పడి ఉంది. వేళ్లు కిందికి దూర్చి తడిమితే గుంట చేతికి తగిలింది.

మీ ఊరి లాకుకో, తూముకో మరమ్మతు జరుగుతుంటే దయచేసి ఒక్కసారి వెళ్లండి. ఉలి గాట్లున్న రాయి కనిపిస్తే, అదే చోట తిరిగి పెట్టమని మేస్త్రీని అడగండి. పెకలించాక కాదు, పలుగు వేయకముందే అడగండి.

నమస్కారం.