ఇంపాక్ట్ గన్నుకు డిజిటల్ టార్క్ మీటరు తగిలిస్తే ఏమవుతుంది?

(తెరపై: బల్లమీద ఇంపాక్ట్ గన్ను, చేతి రెంచి, డిజిటల్ టార్క్ అడాప్టర్)

నమస్తే. ఈ చిన్న దిమ్మె ఎలక్ట్రానిక్ టార్క్ అడాప్టర్. ఒక పక్క రెంచి, ఇంకో పక్క సాకెట్, మధ్యలో ఇది. టార్క్ అంటే మెలితిప్పే బలం; ఎన్ని న్యూటన్ మీటర్లతో తిప్పుతున్నామో అంకెల్లో చూపిస్తుంది. మంచి పరికరమే. నాకు చిరాకంతా దీన్ని ఇంపాక్ట్ గన్నుకు, అంటే టైర్ల షాపుల్లో టకటకా నట్లు తిప్పే యంత్రానికి తగిలించి, "చూశారా, 108 వచ్చింది, చక్రం నట్టు సరిగ్గా బిగిసింది" అని ధీమాగా చెప్పేవాళ్ల మీద. ఆ 108 ఎలా పుట్టిందో చూద్దాం.

తడి పంచె పిండడం తెలుసు కదా. రెండు చివరలు పట్టుకుని చెరో దిక్కుకు మెలితిప్పితే ముడతలు ఎలా పడతాయి? నిలువుగానూ కాదు, అడ్డంగానూ కాదు, ఏటవాలుగా. ఉక్కు కడ్డీని మెలితిప్పినా అంతే, కాకపోతే కంటికి కనిపించదు. ఒక ఏటవాలు దిక్కున ఉక్కు సాగుతుంది, రెండో ఏటవాలు దిక్కున నొక్కుకుంటుంది. రెండూ కడ్డీకి 45 డిగ్రీల కోణంలోనే. సరిగ్గా ఆ దిక్కుల్లో స్ట్రెయిన్ గేజ్‌లు అతికిస్తారు. గేజ్ అంటే పలుచని పొరమీద సన్నని లోహపు గీతలు, అంతే. సాగితే విద్యుత్ నిరోధం పెరుగుతుంది, నొక్కుకుంటే తగ్గుతుంది.

1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ అనే ఇద్దరు, ఒకరు కాలిఫోర్నియాలో, ఇంకొకరు మసాచుసెట్స్‌లో, విడివిడిగా దీన్ని కనిపెట్టారు. జిగురుతో అంటించిన తీగ! ఇంత సాదా ఆలోచన ఇన్నేళ్ల తరవాత కూడా పక్కకు పోలేదంటే నాకు ముచ్చటేస్తుంది.

ఇలాంటివి నాలుగు తీసుకుని వీట్‌స్టన్ బ్రిడ్జిగా, అంటే నిరోధంలోని చిన్న తేడాను వోల్టేజిగా చూపే సర్క్యూట్‌గా కలుపుతారు. వేడెక్కితే నాలుగూ ఒకేలా మారతాయి కాబట్టి ఆ మార్పు రద్దయిపోతుంది. కడ్డీ కాస్త వంగినా రద్దవుతుంది. మెలి ఒక్కటే మిగులుతుంది. ప్రయోగశాలలో ఆ బ్రిడ్జి ముందు ఆవులిస్తూ నిలబడినప్పుడు ఈ మాట ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది.

బయటికి వచ్చే సంకేతం మాత్రం బహు చిన్నది. బ్రిడ్జికి 5 వోల్టులు ఇస్తే, పూర్తి బలం పడినప్పుడు వచ్చేది 10 మిల్లీవోల్టుల లెక్కలో ఉంటుంది. దాన్ని పెంచి అంకెగా మార్చాలి. సొంతంగా చేసుకునేవాళ్లు ఎక్కువగా వాడే హెచ్‌ఎక్స్711 చిప్ తూకం యంత్రాల కోసం చేసింది. సెకనుకు 10 సార్లు, లేదంటే 80 సార్లు కొలుస్తుంది. ఈ 80 గుర్తుంచుకోండి.

చేతి రెంచికి ఇది చాలు. మనిషి నెమ్మదిగా లాగుతాడు, చిప్ తీరిగ్గా చూస్తుంది. పైగా, పెట్టుకున్న టార్క్ రాగానే స్ప్రింగు రెంచి 'టక్' అంటుంది. అలా అన్నాక కూడా తృప్తి కోసం ఇంకో గుంజు గుంజే అలవాటు మనలో చాలామందికి ఉంది. స్ప్రింగు రెంచికి ఆ సంగతి తెలియదు. ఎలక్ట్రానిక్ రెంచి గరిష్ఠ విలువను దాచుకుని చాడీ చెబుతుంది.

ఇక గన్ను సంగతి. గన్ను పంచెను పిండదు, బండకేసి బాదుతుంది. లోపల తిరిగే సుత్తి ఇరుసును కొడుతూ పోతుంది. నిమిషానికి 3000 దెబ్బలనుకుంటే సెకనుకు 50. ఒక్కో దెబ్బ మిల్లీసెకన్లలో ముగుస్తుంది. సెకనుకు 80 సార్లు చూసే చిప్‌కు దెబ్బకు రెండు చూపులు కూడా దక్కవు. చూసిన క్షణాన ఏముంటే అదే తెరమీదికి వస్తుంది. మీ 108 అదే.

సెకనుకు వేలసార్లు కొలిచే చిప్ పెడితే? దెబ్బ శిఖరం దొరుకుతుంది. కానీ ఆ దెబ్బలో కొంత సాకెట్‌ను కదిలించడానికి, కొంత రాడ్డును మెలితిప్పడానికి పోయింది. నట్టుదాకా వెళ్లింది అంతకన్నా తక్కువ. ఇంకో తమాషా, మధ్యలో దూర్చిన అడాప్టర్ తన బరువుతో, తన సాగుడుతో కొంత దెబ్బను తానే మింగుతుంది.

మరి కార్ల కర్మాగారాల్లో? అక్కడ కీలకమైన బోల్టులకు సుత్తి లేని విద్యుత్ నట్‌రన్నర్లు వాడతారు. పళ్లచక్రాలతో నిదానంగా, ఎడతెగకుండా తిప్పుతాయి. తిరిగే ఇరుసు మీద గేజ్ అంటిస్తే తీగలు చుట్టుకుంటాయి కదా? పంచె పిండేటప్పుడు ఒకరు తిప్పుతుంటే, రెండో కొసను కదలకుండా పట్టుకున్నవాడి మణికట్టుకూ అంతే మెలి తెలుస్తుంది. అలాగే కొన్నిటిలో గేజ్‌లను గేర్‌బాక్సులోని తిరగని భాగం మీద పెట్టి, ఎదురు బలాన్ని కొలుస్తారు. నాకు బాగా నచ్చిన ఎత్తు ఇది.

బ్యాటరీ డ్రిల్లు మెడ మీద 1 నుంచి 20 దాకా ఉండే అంకెలు న్యూటన్ మీటర్లు కావు. క్లచ్ స్ప్రింగు ఎంత నొక్కుకుందో చెప్పే మెట్లు. చెక్కలో స్క్రూలకు చాలు, చక్రాలకు వద్దు.

అసలు గొడవకు ఇప్పుడొచ్చాం. ఎంత మెలితిప్పామన్నది ఒక లెక్క, ఎన్ని నీళ్లు కారాయన్నది ఇంకో లెక్క. అదే మెలికి పంచె నీళ్లు వదిలేస్తుంది, జీన్స్ ప్యాంటు వదలదు. మనకు కావలసింది బోల్టు ఎంత బలంతో రెండు భాగాలను నొక్కి పట్టిందన్నది. మీటరు చూపేది మెలి మాత్రమే. అందులో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది.

12 మిల్లీమీటర్ల బోల్టును 100 న్యూటన్ మీటర్లకు బిగించారనుకోండి. రాపిడిని లెక్కలోకి తెచ్చే గుణకం ఒకటుంది, పొడిగా ఉంటే మామూలుగా 0.2 తీసుకుంటారు. నొక్కుడు బలం 42 కిలోన్యూటన్లు, అంటే 4 టన్నులకు పైమాటే. నూనె రాసి గుణకం 0.15కు తగ్గితే 55 దాటుతుంది. 8.8 అనే బలం తరగతికి చెందిన మామూలు మర బోల్టు శాశ్వతంగా సాగకుండా తట్టుకునేది 49 దగ్గర. రెండుసార్లూ తెరమీద 100 అనే ఉంటుంది! తుప్పు పట్టకుండా నూనె రాశామని సంతోషించేవాళ్లు, వాహనం పుస్తకంలోని టార్క్ పొడి మరకు ఇచ్చిందో, నూనె మరకు ఇచ్చిందో ముందు చూడండి.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా. మంచి ఎలక్ట్రానిక్ రెంచిలో గైరోస్కోప్ ఉంటుంది, కోణం కొలుస్తుంది. చాలా ఇంజిన్ల హెడ్ బోల్టులకు, అంటే ఇంజిన్ పైభాగాన్ని బిగించే బోల్టులకు, ముందు కొంత టార్క్, ఆపైన ఇంకో 90 డిగ్రీలు తిప్పమని చెప్పేది రాపిడి మోసాన్ని తగ్గించడానికే. వాడేముందు బరువు పడకుండా పట్టుకుని సున్నా చేయండి. చేతి టార్క్ పరికరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6789 ప్రకారం, వాడేవాళ్లకు సొంత పద్ధతి ఏదీ లేకపోతే, 12 నెలలకు గానీ 5000 బిగింపులకు గానీ, ఏది ముందైతే అప్పుడు సరిచూడాలి. డిజిటల్ అయినంత మాత్రాన మినహాయింపు లేదు.

టైర్ల షాపులో గన్నుతో నట్లను ఆనించేదాకా మాత్రమే తిప్పించి, చివరి బిగింపు చేతి రెంచితో వేయించండి. గన్నుతోనే పూర్తిగా బిగించాక రెంచి పెట్టి చూసేవాళ్లకు ఒక మాట: నట్టు కదలకుండానే రెంచి కూసిందంటే కనీసం అంత టార్క్ ఉందని తెలుస్తుంది, ఎంత ఎక్కువుందో తెలియదు. అప్పుడు ఆ నట్టును వదులు చేసి, మొదటి నుంచి చేత్తో బిగించాల్సిందే.