ఏ పూత మీద ఏ పూత?

అందరికీ నమస్కారం. ఇంట్లో సొంతంగా గిటారు తయారుచేసుకునే మీకు చెక్క గురించీ ఫ్రెట్ల గురించీ నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. చివర్లో వేసే రంగు, దాని మీద కొట్టే క్లియర్ కోటు అంటే రంగులేని పై పూత, ఈ రెండింటికీ పొత్తు కుదరడం గురించే మాట్లాడతాను. నెలల కష్టం ఒక్క పూటలో పాడయ్యేది అక్కడే.

నా మొదటి గిటారు బాడీకి నూనె ఆధారిత ఎర్ర ఎనామిల్ స్ప్రే కొట్టాను. రెండు రోజులు ఆరనిచ్చాను. ముట్టుకుంటే వేలికి అంటలేదు. ఇక ఫర్వాలేదనుకుని పైన క్లియర్ కోటుగా నైట్రో లక్కర్ (నైట్రోసెల్యులోజ్‌తో చేసే పూత) కొట్టాను. ఆ తడి మెరుపు చూసి మురిసిపోతుండగానే కింది అంచు దగ్గర చిన్న అల లేచింది. కాసేపటికే ఆ వైపంతా నీళ్లలో నానిన వేలికొసల్లా ముడతలు పడింది. గోరు తగిలితే చాలు, ఎరుపు పొరలుగా ఊడొచ్చింది.

తప్పు ఏ డబ్బాదీ కాదు. ఎనామిల్‌లోని సాల్వెంట్, అంటే దాన్ని పలుచగా ఉంచే ద్రవం, ముందు ఎగిరిపోతుంది. ఆ తర్వాత గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అది నిజంగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఆలోపు పైన ఘాటైన లక్కర్ థిన్నర్ పడితే సగం గట్టిపడిన పొర దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. పక్కకు జరగడానికి చోటు లేక పైకి లేస్తుంది. కొన్ని డబ్బాల మీద అదే రంగు రెండో కోటు గంటలోపే వేయండి, లేదంటే 48 గంటలు ఆగండి అని రాసి ఉండేది ఇందుకే. ఆ మధ్య సమయమే ప్రమాదం. పైన వేసేది ఘాటైన లక్కర్ అయితే, నా రెండు రోజుల్లాగే, ఆ 48 గంటలూ చాలవు.

అందుకే డబ్బా పేరు కన్నా ముందు, లోపలున్నది ఎలా గట్టిపడుతుందో తెలుసుకోండి. నైట్రో, యాక్రిలిక్ లక్కర్, షెల్లాక్ (లక్కతో చేసే పూత) కేవలం సాల్వెంట్ ఎగిరిపోతే ఆరతాయి. వాటి సాల్వెంట్ మళ్లీ తగిలితే ఎన్నేళ్లకైనా కరుగుతాయి. నైట్రో మీద నైట్రో కొడితే కింది పొర కొంచెం కరిగి రెండూ ఒకటైపోతాయి. గీత పడితే అతుకు కనపడకుండా బాగుచేయగలిగేది కూడా అందుకే, నాకు నైట్రో అంటే ఇష్టమూ అందుకే. వాడే ముందు హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలిపే టూకే, అంటే రెండు భాగాల పాలీయురథేన్ అలా కాదు. ఒకసారి గట్టిపడ్డాక కరగదు కాబట్టి, దాని మీద వేసే కోటుకు పట్టు దొరకాలంటే 400 నంబర్ శాండ్‌పేపర్‌తో సన్నగా గరుకు చేయాల్సిందే. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. మామూలు దుమ్ము మాస్కుతో దాన్ని స్ప్రే చేయకండి, దయచేసి.

పొత్తు కుదిరినా రంగు మారొచ్చు. 1960లలో ఫెండర్ కంపెనీ కార్లకు వాడే రంగులను కొన్ని గిటార్లకూ వేసేది. వాటిలో లేక్ ప్లాసిడ్ బ్లూ అనే నీలం రంగు యాక్రిలిక్ లక్కర్, చాలాసార్లు దాని పైన నైట్రో క్లియర్ కొట్టేవారు. రెండూ చక్కగా అతుక్కున్నాయి. కానీ ఏళ్లు గడిచేకొద్దీ నైట్రో పసుపెక్కి, ఆ నీలం గిటార్లు ఆకుపచ్చగా కనిపించసాగాయి. తెలుపో లేత నీలమో వేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

కింద ఏ పూత ఉందో తెలియని పాత బాడీ చేతికొస్తే, నెక్ పాకెట్ (బాడీలో గిటారు మెడ కూర్చునే గుంట) లోపల దూదితో కాస్త స్పిరిట్ (ఆల్కహాల్) అద్దండి. కరిగితే షెల్లాక్. కరగకపోతే లక్కర్ థిన్నర్ అద్దండి. దానికి కరిగితే లక్కర్ జాతిది. దేనికీ చలించకపోతే బాగా గట్టిపడ్డ పాలీ లాంటిది. అనుమానం తీరకపోతే మైనం తీసిన షెల్లాక్‌ను మధ్యలో పలుచగా వేయండి, చాలావాటిని అది కలుపుతుంది. మైనం ఉన్న షెల్లాక్ మాత్రం వద్దు, పైన వేసే పాలీయురథేన్ పట్టదు. షెల్లాక్ మీద లక్కర్ కొట్టేటప్పుడు కూడా మొదటి రెండు కోట్లు మంచులా పలుచగా పడాలి.

రెండోసారి నేను బాడీకి వేసే పూతలన్నిటినీ అదే రకం చెక్క ముక్క మీద కూడా అదే వరసలో, అంతే వ్యవధితో వేసి చూశాను. వారం తర్వాత ఆ చెక్క ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా థిన్నర్ వాసన వచ్చింది. బాడీని మరో మూడు వారాలు వేలాడదీసి, వాసన పూర్తిగా పోయాకే పాలిష్ మొదలుపెట్టాను.