పైడితల్లి ఆడపడుచే, మరి మనింటి ఆడపడుచు?

(దృశ్యం: విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి చదురుగుడి)

నమస్తే అండి. ఈ ఊళ్లో పెద్దవాళ్లని పైడితల్లి అమ్మవారి గురించి అడిగితే చాలామంది ముందు చెప్పేది మహిమలు కాదు, వరస. విజయనగరం రాజులు పూసపాటి వారి ఆడపడుచు అంటారు. 1757లో బొబ్బిలి యుద్ధానికి వెళ్లిన పెద విజయరామరాజు గారి చెల్లెలు పైడిమాంబ అనీ, యుద్ధం వద్దని అన్నకి చెప్పాలని ఎంతో తపన పడిందనీ, అన్న పోయాక అమ్మవారిలో ఐక్యమైందనీ, తర్వాత పెద్దచెరువులో విగ్రహం దొరికిందనీ చెబుతారు. యుద్ధం, రాజుగారి మరణం చరిత్రలో ఉన్నవే, మిగతాది తరతరాలుగా జనం నమ్ముకున్న కథ. అన్న పంతాన్ని ఆపాలని చూసిన చెల్లెలు ఈ ఊరికి తల్లి అయింది. ఇది నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

(దృశ్యం: సిరిమాను ఊరేగింపు)

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. ముందు రోజు తొలేళ్లు, ఆ రాత్రి రైతులు అమ్మవారి దగ్గర విత్తనాలు తీసుకెళ్లి తమ విత్తనాల్లో కలుపుకుంటారు. మంగళవారం నాడు పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుంటే గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిప్పుతారు. ఆ మాను ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం.

ఇక అసలు విషయానికొస్తాను. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటూ, ఉద్దానం నుంచి ఇంకా దూరాలకి వలస వెళ్లి, ఏడాదంతా ఒకరి మొహం ఒకరు చూడని అన్నదమ్ములు కూడా ఊరి అమ్మవారి సంబరానికి సెలవు పెట్టుకుని వస్తారు. అప్పని, చెల్లిని కన్నవారింటికి పిలుస్తారు, చీర పెడతారు, పసుపు కుంకుమ ఇస్తారు. పిల్లలకి భక్తి అలవడేది కూడా అలాంటప్పుడే. ఉపన్యాసం ఎవరికీ గుర్తుండదు గానీ, ఘటం ఎత్తుకున్న మేనత్త పక్కన వేపకొమ్మ పట్టుకుని నడిచిన పిల్లకి అమ్మవారంటే ఎవరో తెలుస్తుంది.

అదే మేనత్త పొలంలో తన వాటా అడిగితే?

చాలా ఇళ్లల్లో మాటలు అక్కడితో ఆగిపోతాయి. కట్నం ఇచ్చాం కదా అంటారు, ఇంటి పరువు తీసింది అంటారు, మరుసటి ఏడాది పండక్కి పిలుపు ఉండదు. ఇంకొన్ని ఇళ్లల్లో పండక్కి పిలిచి, భోజనాలయ్యాక, చీరతో పాటే కాగితాలు ముందు పెట్టి సంతకం చేయించుకుంటారు. దేవుడి గది పక్కనే జరుగుతుంది ఇది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తికి వీలునామా రాయకుండా పోతే కొడుకులతో పాటు కూతుళ్లకీ సమాన వాటా అని 1956 హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకి కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ మన రాష్ట్రం ముందే సవరణ తెచ్చింది, అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. 2005లో దేశమంతటా, పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా పంపకాలు అయిపోయిన ఆస్తుల సంగతి వేరు.

కోర్టుకి వెళ్లి గొడవ పెట్టుకోమని నేను అనట్లేదు. వాటా వద్దనుకునే ఆడపిల్లలూ ఉంటారు, అది వాళ్ల ఇష్టం, కానీ ఆ ఇష్టం నిజంగా వాళ్లదే అయ్యుండాలి, పుట్టింటికి దారి మూసుకుపోతుందన్న టెన్షన్‌తో పెట్టిన సంతకం అయ్యుండకూడదు. గుళ్లో ఆడపడుచుకి మొక్కి, ఇంట్లో ఆడపడుచుకి గుమ్మం మూసేస్తే అది ఏ భక్తీ కాదు, ఇంత గట్టిగా అంటున్నానని ఎవరైనా నొచ్చుకున్నా సరే.

ఈసారి సంబరానికి అప్పనో చెల్లినో పిలిచేటప్పుడు వాట్సాప్‌లో కార్డు పంపి ఊరుకోకండి, ఫోన్ చేయండి. ఆస్తి మాట ఉంటే పండగ రోజు ఎత్తకండి. వేరే రోజు, పెద్దల ముందు, ఆమె కాగితాలు చదువుకుని ఎవరినైనా అడిగి తెలుసుకునేంత టైమ్ ఇచ్చి మాట్లాడండి.